రేడియేటర్లో గుప్పెడు పసుపు

మా బాపు అలిగాడని బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది యూసుఫ్. బాపు భాగస్వామి ఖాదర్ చాచా కొడుకు, ఇప్పుడు మా షెడ్డు నడిపేది అతనే. “అక్కా, నువ్వు జర రావాలె. పొద్దుగాల్నుంచి చాయ్ గూడ తాగలేదు. పెట్టె మీద కూసున్నడు, లెమ్మంటె లేస్తలేడు” అన్నాడు. సంగతేమిటంటే, పనిముట్ల కోసం యూసుఫ్ కొత్త స్టీలు పెట్టె కొన్నాడు. పాత ఎర్ర సూట్‌కేసును పాత సామాను వాడికి ఇచ్చేద్దామని గడప దాకా తెచ్చాడు. అంతే, బాపు వచ్చి దాని మీద కూర్చున్నాడట. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, చిన్నపిల్లాడిలా మూతి ముడుచుకుని కూర్చుంటే ఎవరేం చేస్తారు? ఆదివారం కావడంతో నేను నిజామాబాద్ నుంచి బస్సెక్కాను. అలిగిన బాపును లేపడం అవ్వ తర్వాత నాకొక్కదానికే చేతనవును. మా దిక్కు బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మే. ఆమె పోయాక ఆ ఉద్యోగం నాకు దక్కింది.

ఆ సూట్‌కేసు చూస్తే మీరు కూడా పారేయమనే అంటారు. అంచులు చిట్లిపోయాయి, ఒక పక్క తాళం పడదు, లోపల గుడ్డ ఎప్పుడో గ్రీజు తాగి నల్లబడింది. కానీ మూత మీద తెల్ల పెయింటుతో రాసిన అక్షరాలు ఇప్పటికీ చదవొచ్చు. పైన బాపు పేరు నర్సయ్య. దాని కింద బోధన్. అన్నిటికంటే కింద, పెద్దగా, దుబాయ్. ఆ రాత నాది. డిగ్రీలో చేరిన కొత్తలో రాశాను. మా వాడలో దుబాయ్ పోయే ప్రతి మనిషి పెట్టె మీదా అట్లా పేరు రాయాల్సిందే, విమానం దిగాక అన్ని పెట్టెలూ ఒకలాగే ఉంటాయని. నా దస్తూరి బాగుంటుందని చాలా ఇళ్ల వాళ్లు నాతోనే రాయించుకునేవారు. మా బాపు పెట్టె మీద రాయాల్సిన రోజు మాత్రం కుంచె పట్టుకుని ఏడ్చాను. దుబాయ్ అన్న మాటలో చివరి అక్షరం కొంచెం వంకరగా ఉంటుంది, అందుకే.

ఆ రోజుల్లో మా ఇల్లూ షెడ్డూ ఒకటే ఆవరణ. ముందు షెడ్డు, వెనక రెండు అర్రలు, మధ్యలో వాకిలి. వాకిట్లో అవ్వ బీడీలు చుట్టేది. తెల్లారి లేవగానే తునికాకు తడిపి గోనెగుడ్డలో చుట్టి పెట్టేది. పొయ్యి పని అయ్యాక చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఇక కత్తెర చప్పుడే. అటు నుంచి డీజిల్ వాసన, ఇటు నుంచి తంబాకు వాసన, చెరుకు ఆడే కాలమైతే ఊరంతా కమ్ముకునే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన. మా చుట్టాలెవరైనా వస్తే ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం అవి లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. బాపు సాయంత్రం పని దిగాక ముందు కిరసనాయిలుతో చేతులు కడిగి, తర్వాత వడ్ల ఉనుకతో రుద్ది, ఆ తర్వాత సబ్బు పెట్టేవాడు. ఆ మూడూ అయితే తప్ప అవ్వ ఆయనకు జొన్నరొట్టె అందించేది కాదు. “చేతులు సూపియ్యి” అనేది, బడిపిల్లాడిని అడిగినట్టు. ఆయన రెండు చేతులూ తిప్పి చూపించేవాడు. బజారులో ఎవరి మాటా వినని మనిషి, ఆమె ముందు మాత్రం గోళ్లు కూడా చూపించేవాడు.

షెడ్డులో ఇంజను పని బాపుది, కరెంటు పని ఖాదర్ చాచాది. లారీలు, ట్రాక్టర్లు, జీపులు. బాపు పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విని రోగం చెప్పేవాడు. చాచా సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. చాయ్ సాసర్లో పోసుకుని చప్పుడు కాకుండా తాగేవాడు, పని మధ్యలో మాట్లాడిస్తే కోపం. ఇద్దరికీ రోజూ గొడవే. “ఇంజన్ అంటె ఇనుపముక్క, దానికి జాన్ పోసేది నా వైరే” అని చాచా అంటే, “నీ వైరు లేకున్నా నూకిస్తె నడుస్తది నా బండి” అని బాపు. మధ్యాహ్నం అయ్యేసరికి ఇద్దరూ ఒకే పళ్లెం ముందు కూర్చునేవారు.

నేను డిగ్రీలో చేరిన ఆ ఏడు చెరుకు బాగా తగ్గింది. పొలాలు వరికీ పసుపుకూ మళ్లాయి, లారీలు మహారాష్ట్ర దిక్కు పోయాయి. షెడ్డు ముందు బండ్లు నిలిచే జాగాలో మేకలు పడుకునేవి. రోడ్ల మీద కొత్త కార్లు కనిపించడం మొదలైంది గానీ వాటిలో కంప్యూటర్ ఉందని, చెయ్యి పెడితే కాలిపోతుందని అందరికీ భయం. బోధన్‌లో, నిజామాబాద్‌లో ఏ మేస్త్రీ దగ్గరికి పోయినా ఒకటే మాట: కంప్యూటర్ పోయింది, హైదరాబాద్ తీసుకపో. మా బాపు కూడా అదే మాట అనేవాడు. అని, వెళ్లిపోతున్న కారు వెనక చాలాసేపు చూసేవాడు.

చివరికి ఏజెంటు ఇంటికొచ్చాడు. దుబాయ్‌లో గ్యారేజీ పని, బతుకమ్మ పండుగ అయినంక బొంబాయిలో విమానం. బాపు సరేనన్నాడు. అవ్వ ఆ రోజు కత్తెర చప్పుడు చేయలేదు. రాత్రి అన్నం దగ్గర ఒకటే మాట అడిగింది: “ఈడ బండ్లు లెవ్వా? రోడ్డు మీద గన్ని తిరుగుతున్నయి గదా. అవి బాగుజేసుడు నీకు రాదని పోతున్నవా, లేక పని లేదని పోతున్నవా?” బాపు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలింది, ఎందుకంటే మర్నాడు పొద్దున్నే చాచాను తీసుకుని నిజామాబాద్ పోయాడు. సాయంత్రం ఇద్దరూ ఆటోలో ఒక పెద్ద మూట వేసుకుని వచ్చారు. యాక్సిడెంటులో నుజ్జయిన కంప్యూటర్ కారు వైర్లన్నీ, ఆ కంప్యూటర్ డబ్బాతో సహా, పాత సామాన్ల దుకాణం నుంచి కొనుక్కొచ్చారు.

ఆ వైర్లను మా వాకిట్లో పరిచారు. తునికాకు ఆరబెట్టే జాగా అంతా వైర్లే. ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలి. సగం దూరం పోయేసరికి నాలుగు వైర్లు ఒకే రంగులో ఉండేవి. చాచా తల పట్టుకున్నాడు. అప్పుడు అవ్వ చాటలోంచి దారపుండలు తెచ్చి ముందు పడేసింది. బీడీల కంపెనీ మారినప్పుడల్లా దారం రంగు మారేది, మిగిలినవన్నీ ఆమె దాచేది. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, గులాబి. “కొసకొకటి, కొసకొకటి కట్టుకుంట పోర్రి” అంది. కట్టడం కూడా ఆమే చేసింది. బీడీకి వేసే ముడి, ఒక్క తిప్పుడు, ఒక్క లాగుడు, వదిలితే ఊడదు. నేనూ కట్టాను, కాలేజీ నుంచి రాగానే. బాపు ఒక్కో కొస దగ్గరా “ఇదేం జేస్తది?” అని అడిగేవాడు, చాచా మీటరు పెట్టి చూసి చెప్పేవాడు. తెలియకపోతే తెలియదనేవాడు. ఆ ఇద్దరి గొడవ అప్పుడు మాత్రం ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండి భయమేసింది నాకు.

ఆ పండుగ ముందర నందిపేట్ దిక్కు నుంచి గంగారెడ్డి పటేల్ కారు వచ్చింది. పటేల్ పెద్ద పసుపు రైతు, పాత కాలం నుంచి ఆయన ట్రాక్టర్లు మా దగ్గరికే వచ్చేవి. ఏటా పండుగకు మా ఇంటికి ఒక సంచి పసుపు పంపేవాడు. ఆయన కొత్త కారు నల్లపొగ వదులుతున్నది, వేడెక్కితే ఆగిపోతున్నది, ముందు పలక మీద ఇంజను బొమ్మ లైటు ఆరడం లేదు. నిజామాబాద్‌లో ఎవరూ ముట్టలేదు. హైదరాబాద్‌లో కంప్యూటర్ మార్చాలన్నారు, మార్చాక కూడా అదే పొగ. పటేల్ దిగుతూనే అరిచాడు. “నర్సయ్యా, నా ఓపిక అయిపోయింది. నువ్వు సూస్తె సూడు. లేకుంటె గీ బండికి నిప్పు పెట్టి పోత.” బాపు ముందుకు పోలేదు. చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. లోపల గోడకు ఆనించి ఎర్ర సూట్‌కేసు అప్పటికే ఉంది, పెయింటు ఆరింది. ఒకవేళ చెడగొడితే పోయేటప్పుడు చెడ్డపేరుతో పోవాలి. బాగుచేస్తే పోవాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. చాచా ఆయన భుజం మీద చెయ్యి వేసి “ఉండనియ్యి పటేల్ సాబ్, చూస్తం” అన్నాడు.

వాకిట్లో నేర్చుకున్నట్టే చేశారు. ఒక్కో వైరూ విప్పడం, కొసకు దారం కట్టడం, చూడటం, మళ్లీ పెట్టడం. అన్నీ బాగానే ఉన్నాయి. రోజులు గడుస్తున్నాయి, ఏజెంటు మనిషి వచ్చి తయారుగా ఉండమని చెప్పిపోతున్నాడు. చివరికి గులాబి దారం కట్టిన వైరు వెంట పోతే అది నీళ్ల దారిలో ఉన్న ఒక చిన్న ఇత్తడి ముక్క దగ్గర ఆగింది. ఇంజను నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కంప్యూటర్‌కు చెప్పే ముక్క అది. బాపు స్పానర్‌తో తిప్పి బయటికి తీశాడు. దాని కొస మీద గట్టిపడ్డ ముద్ద. తుప్పులా ఉంది, రంగు మాత్రం తుప్పుది కాదు. బాపు గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన మొహం మారిపోవడం నేను చూశాను. దాన్ని అవ్వకు ఇచ్చాడు. అవ్వ చూసింది, వాసన చూసింది. “ఇది పసుపు గదా!” అంది.

పసుపే. మా జిల్లాలో రేడియేటర్ కారితే ఎవరూ దాన్ని విప్పరు. గుప్పెడు పసుపు పోస్తారు. తిరిగే నీళ్లతో పోయి సందులో చిక్కుకుని గట్టిపడి కారడం ఆపేస్తుంది. లారీలకు మా బాపు ఎన్నిసార్లు పోశాడో లెక్కలేదు. ఎండాకాలంలో ఇదే పటేల్ కారు పెళ్లికి పోతూ మా షెడ్డు ముందు ఆగింది, రేడియేటర్ చెమ్మగిల్లుతోందని. బాపు నన్ను కేకేశాడు. పోపులపెట్టె తెచ్చిచ్చింది నేనే. ఆయన గుప్పెడు పోసి, మూత బిగించి, “పోర్రి, ఏం గాదు” అన్నాడు. అప్పటికి సరిగ్గానే పోయింది. ఆ పసుపే లోపల తిరిగి తిరిగి ఈ ముక్క మీద దుప్పటిలా పట్టింది. నీళ్లు కాగుతున్నా కంప్యూటర్‌కు చల్లగానే ఉన్నట్టు తెలుస్తున్నది. ఇంజను చల్లగా ఉందనుకుని అది పెట్రోలు ఎక్కువెక్కువ పోస్తున్నది. అందుకే ఆ పొగ. నిజమో కాదో చూడాలని చాచా ఆ ముక్కకు మీటరు తగిలించి, మా చాయ్ గిన్నెలో నీళ్లు మరిగించి అందులో ముంచాడు. సూది కదలలేదు. కడిగి, బ్రష్షుతో రుద్ది మళ్లీ ముంచితే సూది ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. చాచా “అరె వా!” అని ఎగిరాడు. అవ్వ “నా గిన్నె పాడుజేసిండ్రు” అని తిట్టింది గానీ ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి.

నీళ్ల దారంతా కడిగి, రేడియేటర్ విప్పి సరిగ్గా అతికించి, కారు స్టార్ట్ చేస్తే పొగ లేదు. ఇంజను బొమ్మ లైటు ఆరిపోయింది. పటేల్‌ను రమ్మని కబురు పంపాక చాచా మెల్లగా అన్నాడు. “చూడు భాయ్, పసుపు సంగతి చెప్పకు. సామాను చెడింది, బాగజేసినం, అంతే. నువ్వు పోసినవని తెలిస్తే మళ్ల ఈ గల్లీల ఎవడన్న వస్తడా?” చాచా మాటలో తప్పేమీ లేదు. మా బతుకు ఆ మాట మీదే ఆగి ఉంది. అవ్వ బాపు మొహంలోకి చూసింది. బాపు కిరసనాయిలు డబ్బా తీసుకుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు, రొట్టె వేళ కాకపోయినా.

పటేల్ వచ్చాడు, కారు ఊరి చివరి దాకా నడిపి చూసుకున్నాడు, దిగి బాపును కౌగిలించుకోబోయాడు. బాపు ఒక అడుగు వెనక్కి వేశాడు. “ఆగుర్రి పటేలా. గీ రోగం నేనే పెట్టిన. ఎండకాలంల పసుపు పోసింది నేనే. గది పోయి కంప్యూటర్‌కు అడ్డం పడ్డది. నాకు ఎర్క లేకుండె.” పటేల్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇన్నాళ్లూ హైదరాబాద్ దాకా తిరిగిన మనిషి. మొహం ఎర్రబడింది. “పసుపా? నా బండిల పసుపు పోసినవా? ఎవల పసుపు?” అని అరిచాడు. బాపు తల వంచుకునే చెప్పాడు. “మీదే పటేలా. పండుగకు మీరు పంపిందే.”

పటేల్ మీసం కింద పెదవి వణికింది. కోపమనుకున్నాను. కాదు, నవ్వు. కారు బానెట్ మీద చెయ్యి ఆనించి, వంగి వంగి నవ్వాడు. “నేను పండిచ్చి, నేను పంపి, నా బండినే సంపుకున్ననా!” అన్నాడు. నవ్వు తగ్గాక కళ్లు తుడుచుకుని ఒక్కసారి గంభీరంగా అయ్యాడు. “నర్సయ్యా, మా ఊర్ల కొత్త బండ్లున్నోళ్లు అందరు గిట్లనే పోసిండ్రు. నా అల్లుని బండి గూడ పొగ ఇడుస్తున్నది. అందరు కంప్యూటర్ పోయిందని ఇంట్ల నిలవెట్టుకున్నరు. రేపు తోలిస్త. నువ్వు యాడికి పోకు.”

నువ్వు యాడికి పోకు. ఆ మాట పటేల్ మామూలుగానే అన్నాడు, ఆయనకు దుబాయ్ సంగతి తెలియదు. కానీ అవ్వ విన్నది. లోపలికి పోయి, సూట్‌కేసులో సర్దిన మామిడికాయ తొక్కు సీసా తీసి అటక మీద పెట్టేసింది. బాపును అడగనైనా అడగలేదు. ఏజెంటు మనిషి మళ్లీ వచ్చినప్పుడు షెడ్డు ముందు అల్లుడి కారు, దాని వెనక ఇంకొకటి, గేటు బయట నవీపేట్ నుంచి ట్రాక్టర్‌కు కట్టి లాక్కొచ్చిన మరొకటి ఉన్నాయి. బాపు కారు కిందనుంచే “వస్తలేను భాయ్” అన్నాడు. ఏజెంటు వంగి చూసి, బయటికి కనబడే బాపు కాళ్లతో మాట్లాడి వెళ్లిపోయాడు. ఖాళీ అయిన సూట్‌కేసులోకి చాచా మీటరు, అవ్వ దారపుండలు చేరాయి.

ఆ తర్వాత మా షెడ్డు దశ తిరిగింది. దీన్ని దాచిపెట్టి వినయం నటించడం నాకు రాదు. పసుపు పండే ఊళ్లన్నిటిలోనూ ప్రతి డ్రైవరూ పసుపు పోశాడు, ప్రతి మేస్త్రీ ఆ బండిని వెనక్కి పంపాడు, ఆ బండ్లన్నీ మా గేటు ముందుకొచ్చాయి. ఒకదానితో ఇంకొకటి నేర్చుకున్నారు. ఇందల్వాయి దగ్గర హైవే మీద ఆగిపోయిన పరాయి రాష్ట్రాల బండ్లు కూడా తాడు కట్టించుకుని బోధన్ దాకా వచ్చేవి. మరాఠీ మాట్లాడే డ్రైవర్లతో చాచా మరాఠీ నేర్చుకున్నాడు. షెడ్డుకు పక్కా నేల వచ్చింది, కారును పైకి లేపే యంత్రం వచ్చింది, నా చదువు ఆగలేదు, అవ్వ బీడీ చాట గోడకెక్కింది. అప్పటి నుంచి షెడ్డులో ఒక రివాజు పడింది. బానెట్ ఎత్తేముందు డ్రైవర్‌కు చాయ్ ఇచ్చి, నవ్వుతూ ఒకటే ప్రశ్న అడగాలి: “ఇందుల ఎవలేం పోసిండ్రు?” కోప్పడొద్దు. కోప్పడితే ఎవరూ నిజం చెప్పరు. బాపు తన తప్పు తాను చెప్పుకున్నాడు గనక, ఆ షెడ్డులో ఎవరికైనా చెప్పుకోవడం తేలికయ్యేది.

ఇప్పుడు చాచా లేడు, అవ్వ లేదు. మా వాకిలి ఉన్న జాగాలో బ్యాటరీ కార్లు నిలబడుతున్నాయి. యూసుఫ్ మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుంటాడు, వైర్లు విప్పే ముందు ఏదో యంత్రంలో చూస్తాడు. డీజిల్ వాసన లేదు, చప్పుడు లేదు, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుంటే వినపడేదేమీ లేదు. ఆ వాసనల కోసం నాకు బెంగగా ఉంటుంది. కానీ అప్పుడే బాగుండేదని నేననను. బ్యాటరీ కారు చూస్తే ఇవాళ కూడా చుట్టుపక్కల షెడ్లలో అదే మాట వినపడుతోంది: ముట్టుకుంటే షాక్ కొడుతది, హైదరాబాద్ తీసుకపో. ఆ మాట వినపడినంత కాలం మా గేటు ముందు పని ఉంటుంది.

నేను పోయేసరికి బాపు నిజంగానే పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. “లే బాపూ, నాతోని చాయ్ తాగు” అంటే మొహం తిప్పుకున్నాడు. అంతలో లారీ మీద ఒక బ్యాటరీ కారు వచ్చి దిగింది, టాక్సీ నంబరు, ఇందల్వాయి నుంచి. ఎర్ర లైట్లన్నీ వెలిగి కదలనంటోందట. కుర్ర డ్రైవర్ ఏడుపు మొహంతో ఉన్నాడు. యూసుఫ్ చాయ్ అందించి మామూలుగానే అడిగాడు. “తమ్ముడూ, ఇందుల ఎవలేం పోసిండ్రు?”

“గీదాంట్ల పెట్రోలే లేదు గదన్నా, ఏం పోస్తరు?” అన్నాడు డ్రైవర్. యూసుఫ్ నవ్వుతూ తన చాయ్ తాను తాగాడు. డ్రైవర్ నేల చూశాడు. “బ్యాటరీని సల్లవెట్టే నీళ్లు కారుతున్నయన్నా. మా మామ చెప్పిండు… జరంత పసుపు ఏసిన.”

బాపు లేచి నిలబడ్డాడు. నేను లేపలేదు, ఎవరూ లేపలేదు. నవ్వు ఆపుకోలేక దగ్గుతూ, “యూసుఫ్, పెట్టె తెరువు. దారం తియ్యి” అన్నాడు. యూసుఫ్ కొత్త స్టీలు పెట్టెను పక్కకు జరిపి, ఆ ఎర్ర సూట్‌కేసు ఎత్తి బల్ల మీద పెట్టాడు. డ్రైవర్ మూత మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

“తాతా, దుబాయ్‌ల జేసినవా?”

“లేదు బిడ్డా” అన్నాడు బాపు, దారపుండలో గులాబిరంగు కొస వెతుకుతూ. “పోదామని పెట్టె గూడ సదురుకున్న. నువ్వేసిన గా పసుపే నన్ను ఆపింది.”